వాసన లేనిది

రాత్రి పదికి ఎక్కుతాను డ్యూటీ.
చేతిలో టార్చి, ఒక కట్టె,
నడుముకు
నేను యాడున్నానో పైవాళ్లకు చెప్పే డబ్బా.
గుత్తి దావలో పసుపు రాయి నుంచి
రైలు కట్ట అవతల ఇంకో పసుపు రాయి దాకా
ఎనిమిది కిలోమీటర్లు.
బీడీ మానేసి మూడేండ్లాయ.
ఈ ఉద్యోగం చేసిన మేలు అదొక్కటే అంటాది మాబున్ని.

నా కాళ్ల కింద, నడుము లోతున
గ్యాసు పోతాంటాది.
యా దేశం సముద్రం అడుగునో పుట్టిందంట,
మంచు కంటే చల్లగా చేసి
నీళ్ల మాదిరి ఓడకు పోసినారంట.
ఓడ నడిసముద్రంలో ఉండంగానే
ధర నాలుగుసార్లు మారిందంట.
సూపర్‌వైజరు వన్నూరప్ప ఫోన్లో చూసి చెప్తాంటాడు.
"యాడో యుద్ధమొస్తే మన జీతం లేటయితాది
పీరన్నా" అని నవ్వుతాడు.

నాకు తెలిసింది, అది మా ఊర్లో ఆగదు.
పడమటికి పోతాది,
ఫ్యాక్టరీలకు, అపార్టుమెంటు పొయ్యిలకు.
మా ఇంట్లో మాబున్ని కందికంప విరిచి పెడతాది.
ఖాళీ సిలిండరు మీద బిందె పెట్టుకున్నాం.

పైపు పూడ్చేటప్పుడు కాగితం చదివి చెప్పినారు.
పైన శెనక్కాయ వేసుకోవచ్చు, జొన్న వేసుకోవచ్చు.
వేరు లోతుకు పోయే చెట్టు మటుకు నాటరాదు.
ఆ పొద్దే సుంకమ్మ చేన్లో
రెండు యాపమాన్లు కొట్టేసినారు.
లెక్క కట్టి దుడ్లిచ్చినారు, కాదన్ను.
నీడకు కట్టలేదు.

కలెక్టరాఫీసు మీటింగులో
కళ్లద్దాల సారు గోడ మీద బొమ్మలేసి చూపించినాడు.
బొగ్గు కాడి నుంచి గాలిమర కాడికి
ఒక్కసారిగా దుంకలేమంట.
నడమ గ్యాసే వారధంట.
నాకు పెన్న మీది వారధి మతికొచ్చింది.
కింద ఇసుక, ఇసుకలో ట్రాక్టర్ల జాడలు,
పైన వారధి
భలే గట్టిది.
పెట్టిన దుడ్లు తిరిగొచ్చేకి ముప్పై ఏండ్లు కావాలన్నాడు సారు.
శెనక్కాయకు నూటపది దినాలు.
ఈ రెండు లెక్కల్లో
వాన యాడా కూర్చోలేదు.

ఇంగొక మాట. ఈ గ్యాసుకు వాసన లేదు.
పట్నంలో ఇండ్లకిచ్చే ముందు కలుపుతారంట ఆ కంపు.
ఇక్కడ కారినా ముక్కుకు తెలీదు.
అందుకే చెట్టును చూడమన్నారు.
పచ్చగుండాల్సిన తావు పసుపైతే
అక్కడ్నే నిలబడి ఫోన్ చెయ్యమన్నారు.

పోయిన శ్రావణంలో ఒక రాత్రి
సుంకమ్మ చేన్లో టార్చి వేస్తే
పైపు పొడుగునా పసుపు.
గుండె జారె.
ఫోన్ చేసినా.

తెల్లారేసరికి జీపు.
చిన్న వయసు ఇంజనీరమ్మ
మిషను నేలకానించి అడుగడుగూ నడిచింది.
సుంకమ్మ నా పక్కకొచ్చి గొంతు తగ్గించి
"కారితే కంపెనీ దుడ్లిస్తాదా?"
ఇస్తాది.
"కారకపోతే?"
నేను మిషను పక్కే చూస్తాండా.
ఆమె కొంగులో చేతులు చుట్టుకోని
లోపల్లోపల మొక్కుతాంది,
కారనీ సామీ, కారనీ.

మిషను సున్నా చూపించింది.
ఇంజనీరమ్మ ఒక చెట్టు పీకి, వేరు దులిపి
"లీకు కాదు, నీళ్లు లేక" అనింది.
ఆ గొంతులో సంతోషం. తప్పు పట్టను.
వాన మొగం చూసి అప్పటికి నలభై రెండు దినాలు.
పసుపు పైపు మీదే కాదు,
రాత్రి నా టార్చి అంత దూరం పడలేదు.
పొద్దెక్కినాక చూస్తే
చేనంతా అదే రంగు.

రిజిస్టరులో గళ్లుండాయి,
తవ్వకం, దొంగతనం, కారడం, మంట.
పెన్ను పట్టుకోని చానాసేపు కూర్చున్నా.
"ఏమీ లేదు అని రాయన్నా" అన్నాడు వన్నూరప్ప.
రాసినా.

మళ్లా రాత్రి పది.
కొండ మీద గాలిమరల ఎర్రలైట్లు
ఒకేసారి వెలుగుతాయి, ఒకేసారి ఆరిపోతాయి.
సుంకమ్మ చేను దాటేటప్పుడు
టార్చి ఆర్పేస్తాండా ఈమధ్య.
నడుముకుండే డబ్బా
అది మటుకు పైవాళ్లకు చెప్పదు.